చెప్పింది చెప్పినట్టు

ఒకరి దండం ఇంకొకరు పెడితే దేవుడు దాన్ని ఎవరి దండం అనుకుంటాడు? పెళ్ళయిన కొత్తలో పట్టుకున్న అనుమానం ఇది. ఇరవై రెండేళ్ళయినా వదల్లేదు. పొద్దున నేను పొయ్యి దగ్గర ఉండగా మా ఆయన స్నానం చేసి వచ్చి దీపం వెలిగించేవారు. నేను చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి పూజ అయిపోయేది. "అక్కడ ఏదో మాడుతున్నట్టుంది చూసుకో. నీ దండం కూడా నేనే పెట్టేశాలే" అనేవారు. ప్రేమగానే అనేవారు. కుందులు తోమింది నేను, వత్తులు చేసింది నేను, నూనె పోసింది నేను. దండం మాత్రం ఇద్దరిదీ ఆయనే పెట్టేవారు. ఒకసారి మా అత్తగారిని అడిగాను. "ఎవరు పెడితే ఏమిటే, ఇల్లు చల్లగా ఉంటే చాలదూ" అన్నారు. చాలుననే అనుకున్నాను. అయినా ఆ అనుమానం బియ్యంలో రాయిలా ఎప్పుడో ఒకప్పుడు పంటికి తగులుతూనే ఉండేది.

ఈ దేశం వచ్చాక నా దండాలే కాదు, నా మాటలు కూడా ఆయన చేతిలోకి వెళ్ళిపోయాయి. ఇంటి ఓనరుతో, అమ్మాయి బడిలో, బస్సు పాసు ఇచ్చే కిటికీ దగ్గర, అన్నిచోట్లా వెనక అడుగు నాది, ముందు గొంతు ఆయనది. నేను పనిచేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికే చోట. అక్కడ నాకు కావలసిన ఇక్కడి భాష ముప్పై మాటలు. దుప్పటి, గలీబు, తువ్వాలు, తడి, మరక, మళ్ళీ, త్వరగా. ఎనిమిది గంటలు నిలబడి మడతలు పెట్టడానికి అవి చాలు. జబ్బు చెప్పుకోవడానికి చాలవు.

ఏడాదికి పైగా ఆగిపోయిన నెలసరి, రెండేళ్ళ క్రితం మళ్ళీ కనబడింది. రక్తం మరకలు నాకు కొత్త కాదు. అలాంటి దుప్పట్లను విడిగా తీసి చల్లనీళ్ళలో నానబెట్టాలని కొత్తగా చేరినవాళ్ళకు చూపించేది నేనే. కానీ ఇది ఆగలేదు. మా ఆయనకు చెప్పాను. ఆయన మొహం పక్కకు తిప్పుకుని, "ఆ వయసులో ఆడవాళ్ళకి అటూ ఇటూ అవుతుందంటారుగా" అన్నారు. మరో రెండు నెలలు చూసి, ఇంటి దగ్గరి సర్కారు క్లినిక్‌కు తీసుకెళ్ళారు.

అక్కడ డాక్టరు కుర్రవాడు. నేను సిగ్గు చంపుకుని అన్నీ చెప్పాను. ఎప్పటినుంచి, ఎంత, నడుము ఎలా లాగేస్తోంది, పనిలో ఎన్నిసార్లు గుడ్డ మార్చుకోవాల్సి వస్తోంది. నేను చెప్పింది బారెడు. మా ఆయన డాక్టరుకు చెప్పింది జానెడు. డాక్టరు ఏదో అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. బలానికి మాత్రలు రాసిచ్చాడు. అలా ఏడాదిన్నరలో నాలుగుసార్లు వెళ్ళాం. బయటికొచ్చాక "ఏమడిగాడండీ" అంటే, "మామూలే. ఏం తింటావు, నిద్ర పడుతుందా, అవే" అనేవారు. ఈ భాషలో మాటలు పొట్టివి కాబోలు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఒక పొద్దున దుప్పట్ల బండి తోస్తూ తోస్తూ పడిపోయాను. నా పక్కన మడతలు పెట్టే ఆవిడ నన్ను పెద్దాసుపత్రికి చేర్చింది. ఆ ఆసుపత్రి నేలంతా రంగు గీతలు. ఎర్రగీత వెంట వెళ్తే రక్తపరీక్ష, నీలంగీత వెంట వెళ్తే ఎక్స్‌రే, పచ్చగీత వెంట వెళ్తే నన్ను చూసే డాక్టరమ్మ గది. చదువు రానివాళ్ళు కూడా దారి తప్పరు. గోడలకు బిగించిన కుర్చీలు, చేతిలో నంబరు చీటీ. నా నంబరు పిలిస్తే గుర్తుపట్టడం నేర్చుకున్నాను. అక్కడెవరూ కసురుకోలేదు. ఒక్క పైసా అడగలేదు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి, చాలాసేపు చెప్పింది. ఈసారి ఆవిడ చెప్పింది బారెడు. మా ఆయన నాకు చెప్పింది, "గడ్డట. కరెంటు పెడితే కరిగిపోతుందట."

రోజూ కరెంటు పెట్టించుకోవడానికి వెళ్ళేదాన్ని. నా పొట్ట మీద గుర్తులు గీసిన పిల్ల కూడా తను గీస్తున్నది ఏమిటో నా తల మీదుగా మా ఆయనకే చెప్పింది. ఇంటికి రాగానే ఆయన, "నువ్వు కూర్చో, ఇవాళ వంట నాది" అనేవారు. కూర్చునేదాన్ని. "ఉప్పెక్కడ? మూత ఏ గిన్నెది? ఎన్ని నీళ్ళు పొయ్యాలి?" అని వంటింట్లోంచి వినబడేది. నాలుగో ప్రశ్నకు నేనే లేచేదాన్ని. "చెప్తే చేస్తాగా, లేచావెందుకు" అనేవారు, గరిటె నా చేతికిస్తూ.

పన్నెండో రోజున ఆయనకు సెలవు దొరకలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను. ఆరోజు డాక్టరమ్మ కూడా చూడాలి. నర్సు నా వెనక ఎవరూ లేకపోవడం చూసి, ఎవరితోనో మాట్లాడి, ఒక ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులోంచి ఆడగొంతు, తెలుగులో వచ్చింది. "నమస్కారమండీ. డాక్టరుగారి మాట మీకూ, మీ మాట వారికీ చెప్పడానికి ఉన్నాను. ఎవరు ఏమన్నా చెప్పింది చెప్పినట్టే చెప్తాను. ఏదీ దాచను, ఏదీ కలపను."

అంతే అంది. నాకు కళ్ళనీళ్ళు ఎందుకొచ్చాయో తెలియలేదు.

"మీ జబ్బు గురించి మీకు ఏం తెలుసో మీ మాటల్లో చెప్పమంటున్నారు డాక్టరుగారు" అంది ఆ గొంతు.

"గడ్డండీ. కరెంటు పెడుతున్నారు. కరిగిపోతుంది."

ఆ మాటలు అటు వెళ్ళాయి. నేను చెప్పినంత పొడుగునే వెళ్ళాయి. ఈ భాషలో మాటలు పొట్టివేమీ కావని అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ కంప్యూటరు వదిలేసి, కుర్చీ నా ఎదురుగా లాక్కుంది. మొదటిసారి నా కళ్ళలోకి చూసి మాట్లాడింది. ఫోన్‌లో గొంతు నెమ్మదిగా చెప్పుకుంటూ వచ్చింది. "ఇది క్యాన్సరండీ. గర్భసంచిలో మొదలైంది. ఇప్పుడు కాలేయానికీ, నడుము ఎముకకీ పాకింది. కరెంటు పెడుతున్నది నొప్పి తగ్గడానికీ, రక్తం ఆగడానికీ. జబ్బు పోవడానికి కాదు. ఈ సంగతి మొదటిరోజే మీ వారితో చెప్పాం. మీతో మాట్లాడాననీ, మీకు అర్థమైందనీ ఆయన చెప్పారు."

"ఎన్నాళ్ళుంటానో అడగమ్మా."

"నెలలు అంటున్నారు. ఏడాది నిండకపోవచ్చు."

గదిలో చెయ్యి కడుక్కునే కుళాయి కారుతోంది. వాషరు మార్చాలి అనుకున్నాను. ఇంత మాట విన్నాక మనసుకు అదే తోచింది.

"ముందే వచ్చి ఉంటే?"

డాక్టరమ్మ పాత కాగితాలు తెరిచి చదివింది. "మీరు క్లినిక్‌కు నాలుగుసార్లు వెళ్ళారు. నాలుగుసార్లూ రక్తం పోతోందా అని అడిగారు. లేదు అని రాసి ఉంది. ఉందంటే మొదటిసారే ఇక్కడికి పంపేవాళ్ళు. అప్పుడైతే ఆపరేషన్‌తో పోయేదేమో. కచ్చితంగా చెప్పలేనంటున్నారు." గొంతు ఒక క్షణం ఆగింది. "లేదని ఎవరు చెప్పారని అడుగుతున్నారండీ."

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడాన్ని ఆవిడ ఎలా మార్చి చెప్పిందో మరి, డాక్టరమ్మ ఇంక అడగలేదు. ఇకమీదట నా సంగతులు ముందుగా ఎవరికి చెప్పాలని మాత్రం అడిగింది. "నాకు" అన్నాను. కాగితం మీద అలాగే రాసి సంతకం పెట్టించుకున్నారు. ఈ దేశంలో ఒక కాగితం మీద ఏముందో తెలిసి నేను పెట్టిన మొదటి సంతకం అది.

"మీది ఏ ఊరమ్మా?" అని అడిగాను ఫోన్‌ను.

"అలాంటివి చెప్పకూడదండీ" అంది. తరవాత ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినబడింది. దాన్ని మాత్రం ఎవరికీ ఏ భాషలోనూ చెప్పలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి నేను కూర్చునే ఉన్నాను. పొయ్యి వెలగలేదని ముందు చూశారు, నన్ను తరవాత చూశారు.

"ఆసుపత్రికి ఫోన్ చేస్తే చెప్పారు. మాట చెప్పడానికి ఫోన్‌లో మనిషిని పెట్టించుకున్నావటగా? నేను చచ్చానా?" అన్నారు.

"క్లినిక్‌లో లేదని ఎందుకు చెప్పారండీ?"

ఆయన బూట్లు విప్పుకుంటూ ఆగిపోయారు. "వాడు కొడుకులాంటి కుర్రాడు. వాడి ముందు నీ గురించి అలాంటి మాటలు ఎట్లా చెప్పను? మందులిస్తే అదే పోతుందనుకున్నా."

"పెద్దాసుపత్రిలో?"

"నువ్వు తట్టుకోలేవనే. భయంతో సగం ప్రాణం పోతుందంటారు." అంటూనే ఏడుపు మొదలుపెట్టారు. భుజాలు ఎగిరెగిరిపడేలా, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకు ఏడవడానికి చోటు దొరకలేదు. లేచి టీ పెట్టాను. నా చావు కబురు నాకు తెలిసిన రోజున కూడా ఆయన కప్పులో చక్కెర వేసి కలిపింది నేనే. ఆయన చెడ్డవాడని చెప్పడానికి నాకు నోరు రాదు. మంచివాళ్ళే ఇంత పని చేస్తే, భగవంతుడా, చెడ్డవాళ్ళకు మిగిలిందేమిటి అని మాత్రం అడిగాను. అది ఎవరి తరఫునా కాదు, నేనే అడిగాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, గడ్డ కరుగుతోందటగా. అన్నయ్య చెప్పాడు. మొక్కుకున్నాను నేను" అంది సంబరంగా.

"కరగదమ్మాయ్" అన్నాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఆ పిల్ల ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చాను. ఎదుటి కుర్చీలో మా ఆయన పేపరు పట్టుకుని, పేజీ తిప్పకుండా కూర్చున్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆయన్ని తిట్టుకోబోయిన ప్రతిసారీ నా నోరు అక్కడికొచ్చి ఆగిపోతోంది. ఆరేళ్ళ క్రితం మా అత్తగారు మమ్మల్ని చూడవచ్చి, ఇదే ఆసుపత్రిలో పదకొండు రోజులుండి పోయారు. "ఇంక లాభం లేదని అమ్మకి చెప్పొద్దు" అన్నారు మా ఆయన. నేను చెప్పలేదు. అప్పటికి ఏడాదిగా మా అత్తగారికీ ఆడపడుచుకీ మాటల్లేవు, ఏదో పెళ్ళిలో మాటకు మాట వచ్చి. అప్పటినుంచీ ఏటా ఆవిడ పోయిన రోజున మా ఆడపడుచు ఫోన్ చేసి ఒకటే అడుగుతుంది. "వదినా, అమ్మ నా గురించి ఏమీ అనలేదా?" "మాట్లాడే ఓపిక లేదమ్మాయ్ ఆవిడకి" అంటాను నేను. ఎందుకంటే ఆవిడ అన్నది చెబితే, మేం దాచింది కూడా చెప్పాల్సి వస్తుంది. ఆ మాట నాది కాదు. ఆరేళ్ళుగా ఆ పిల్లకు నేను బాకీ ఉన్న మాట.

"మీ అమ్మ నీ గురించి అడిగారు" అన్నాను.

మా ఆయన పేపరు దించారు. వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"ఏం అడిగింది?" గొంతు మారిపోయింది అవతల.

"పోవడానికి నాలుగు రోజుల ముందు, డాక్టరు అంతసేపు ఏం చెప్పాడే అని నన్ను అడిగారు. పోతున్నారని నాకు తెలుసు. తగ్గిపోతుందన్నాడు అత్తయ్యా అన్నాను. నమ్మారు. అమ్మాయికి ఫోన్ కలపమంటారా అని అడిగాను. వద్దులే అన్నారు."

"వద్దందా?"

"పూర్తిగా విను. 'ఫోన్లో ఏం బాగుంటుంది. ఇంటికెళ్ళగానే ముందు దాని గుమ్మమే ఎక్కుతాను. కన్నదాన్ని, నేను తగ్గితే ఏం పోయింది. దాన్ని చూసి ఏడాదయింది' అన్నారు. నిజం చెప్పి ఉంటే ఆ పూటే నీతో మాట్లాడేవారు. నేను చెప్పలేదు."

మా ఆయన లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోయారు.

"మళ్ళీ చెప్పు వదినా" అంది.

మళ్ళీ చెప్పాను.