బల్లకి ఒక జత

పాత చెక్కపెట్టెలు విప్పి మేకులు పీకే షెడ్డు మాది. మా మేస్త్రి బూట్లు బల్లకి ఇస్తాడు, మనిషికి కాదు. పొద్దున ఆ బల్ల దగ్గర మా తోడికోడలు పనిచేస్తుంది, మధ్యాహ్నం నుంచి నేను. ఒకే ఇంటివాళ్ళం కాబట్టి పేచీ ఉండదని ఆ మహానుభావుడే మమ్మల్ని ఒక బల్లకి కట్టేశాడు. మా ఇల్లు ఆయన చూడలేదు.

ఆవిడ నాకన్నా పెద్దది. నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ మా ఇద్దరికీ పడదు. ఆ బూట్లు నాకు సరిపోతాయి, ఆవిడకి వదులు. వేళ్ళ దగ్గర గుడ్డపీలికలు కుక్కుకుంటుంది, దిగిపోయేటప్పుడు తియ్యదు. రోజూ అవి పీకి, ఆవిడని తిట్టుకుంటూ నేను పని మొదలుపెడతాను.

ఆ రోజు కుడి బూటులో కాలు పెట్టగానే మడమ చురుక్కుమంది. తీసి చూస్తే అడుగు చీల్చుకుని మేకు మొన పైకి వచ్చి ఉంది. ఆ బూట్లకి వేళ్ళ మీద ఇనుప రేకు ఉంది గాని అడుగున ఉత్త రబ్బరే. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నించి దాన్ని తొక్కిన మనిషికి తెలియదా? తెలిసే నాకు వదిలింది.

బూటు చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటోంది.

"నా కాలు పోతేగాని నీ కళ్ళు చల్లబడవా?"

"ఇంటి దగ్గర చాలక ఇక్కడ కూడా కాలు దువ్వుతున్నావా?" అంది తల ఎత్తకుండా.

"మేకు ఉందని చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"మేకేంటి? ఇందాకటిదాకా తొడుక్కుంది నేనేగా. నా కాలికి లేని మేకు నీ కాలికెక్కణ్ణుంచి వచ్చిందే?"

ఆవిడ అబద్ధమాడే మొహం నాకు బాగా తెలుసు. ఇప్పటి మొహం అది కాదు. కిందికి చూశాను. ఆవిడ కుడి చెప్పు ఎర్రగా తడిసి ఉంది. బూటులో చెయ్యి పెడితే వేళ్ళకి జిగటగా అంటింది.

ఆవిడా చూసుకుంది. పాదం ఎత్తి, అది ఎవరి మడమో అన్నట్టు చూసింది.

"ఎప్పట్నుంచి కాలికి తెలియడం లేదు?" అన్నాను.

"షుగరొచ్చాక. నోరు మూసుకో. మేస్త్రికి తెలిస్తే ఇంక రావద్దంటాడు."

జన్మలో కాళ్ళబేరానికి రాని మనిషి. బతిమాలడం కూడా తిట్టినట్టే ఉంటుంది. నాకు జాలి కలగలేదు, కోపం రెట్టింపయింది. ఒకే పొయ్యి మీద వండుకు తింటూ, నా ముందు లోకువైపోతానని కాలు చచ్చిపోతున్న సంగతి దాచింది.

తిన్నగా వెళ్ళి మేస్త్రి బల్ల మీద బూటు పెట్టాను.

"ఈ రక్తం నాది. అడుగున కూడా రేకున్న బూట్లు, కాళ్ళు కొలిచి, ఇద్దరికీ వేరువేరుగా ఇప్పించండి. లేదంటే ఈ బూటు మీ పైవాళ్ళకి చూపిస్తా."

ఆయన నా కాలు చూడబోయి, నా మొహం చూసి, రెండు జతలకి చీటీ రాశాడు.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుంటూ ఆవిడ అంది, "నా రక్తం నీదని చెప్పడానికి నువ్వెవరివే?"

గాయం మానాక ఆవిడ తన కొలత బూట్లతో మళ్ళీ పనిలోకి వెళ్తోంది. ఆవిడ బయల్దేరే ముందు రోజూ నేను వాటిని దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూస్తాను.

"నా బూట్లలో చెయ్యి పెట్టద్దన్నానా?"

"నీ కాలికి నొప్పి తెలిసిన రోజు మానేస్తాను. కూర్చో, మడమ చూపించు."

నన్ను తిట్టుకుంటూనే కాలు చాపింది.