అడవినాభి ఆకులు

నలభయ్యో కాగితాన్ని పక్కనున్న దొంతిమీద పెట్టి ఇంకొకటి ముందుకు లాక్కున్నాడు ఆకులాయన. నల్లగీతలతో అచ్చయిన అడవినాభి తీగ. దాని దుంప కాస్త తిన్నా మనిషి దక్కడు. వైద్యులు చూసి గుర్తుపట్టడానికి వేస్తున్న పుస్తకం అది. ఆకులకు పచ్చ వేయడం ఆయన పని, పూరేకులకు ఎరుపు వేయడం పక్కనే కూర్చునే చెల్లెలి పని. నూరేళ్ళు పోయాక ఈ పటాలను అద్దాల వెనక పెట్టుకుని మురిసిపోయేవాళ్ళకు ఈ బల్ల సంగతి ఏం తెలుస్తుంది?

కుంచె ముంచి, జాడీ అంచుకు రాసి, కాడ దగ్గర మొదలుపెట్టి, మెలితిరిగిన ఆకు కొసదాకా ఒక్క ఊపులో లాగేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ చెయ్యి గీత దాటలేదు. కొత్తవాళ్ళెవరొచ్చినా మేస్త్రీ ఆ చేతినే చూపించి బుద్ధి చెప్పేవాడు. కానీ ఆయన కళ్ళకు పచ్చా ఎరుపూ ఒకే బురద రంగు. ఎడమ జాడీ పచ్చ, కుడి జాడీ ఎరుపు, ఆయనకు తెలిసిందల్లా అంతే. ఈ సంగతి పెళ్ళాంతో కూడా అనలేదు. బయటపడితే నోటిదగ్గర కూడు పోతుంది.

ఆ పొద్దున పని మొదలుకాకముందే చెల్లెలు బల్ల కడిగి, జాడీలను అటుది ఇటు, ఇటుది అటు పెట్టేసి, రంగు నూరడానికి వెనక గదిలోకి వెళ్ళింది.

ఆకులాయన లేచి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి మేస్త్రీ దొంతి దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఆకులకి ఎరుపేసిందెవరు?"

ఆకులాయన జాడీలవైపు చూశాడు, రెండూ ఒకే బురద.

"అడగడమెందుకులే, ఎరుపు ఎవరిదో నాకు తెలీదా! ఇది చూసి ఎవడైనా మొక్కని పోల్చుకోలేక దుంప తింటే ఆ పాపం ఎవరికి?" మేస్త్రీ వెనక గదివైపు కేకేశాడు.

చెల్లెలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కాగితాలు చూసింది, జాడీలు చూసింది. తరవాత అన్నయ్యను చూసింది.

"నేనేనండి. పరాకులో వేసేశాను."

"పరాకా? రేపట్నించి రానక్కర్లేదు."

ఆకులాయన తల వంచుకుని కూర్చున్నాడు. చెల్లెలి కూడు లాక్కుని తింటున్నానని తెలుసు. అయినా లేవలేదు. తను లేస్తే ఇంట్లో నలుగురు పస్తు పడుకుంటారని లెక్క వేసుకున్నాడు. ఆమెకు మాత్రం వెనక ఎవరున్నారని? ఆ సంగతి లెక్కలోకి రానివ్వలేదు.

మధ్యాహ్నం దాకా ఆమె కుంచెలు కడిగింది, జాడీలు నింపి ఎప్పటి చోట్లలో పెట్టింది. వెళ్ళేముందు ఆయన పక్కన ఆగింది.

"వదినకేం చెప్పకు అన్నయ్యా. నేనే మానేశానను."

"ఊఁ" అన్నాడు.

తలుపు మూసుకున్నాక కొత్త కాగితం లాక్కుని ఎడమ జాడీకోసం చెయ్యి చాపాడు. వేళ్ళకు ఏదో గరుకుగా తగిలింది. జాడీకి దారం కట్టి ఉంది. కుడి జాడీ కూడా తడిమాడు. ఆమెకు ఎప్పటినుంచి తెలుసో!

పచ్చ జాడీ మెడకు ముతక దారం, ఒక ముడి. ఎరుపు జాడీకి రెండు ముడులు, లాగినా ఊడకుండా బిగించి.