టాఫెటా చప్పుడు

మా తమ్ముడు రఘుపతి పనితనం గురించి నేను మస్కట్‌లో చెప్పని మనిషి లేడు. తమ్ముడని గొప్పలు పోవడం కాదు. వాడు కుట్టాక చిరుగు ఎక్కడుండేదో మళ్ళీ వాడే వేలుపెట్టి చూపించాలి. హమ్రియా పేటలో ఒక బంగ్లాదేశీ హోటల్ మీద ఇరుకు గదిలో వాడి టైలర్ షాపు. కంపెనీ డ్రెస్సులు కురచ చేయడం, ఆడవాళ్ళ నల్ల అబాయాలకు అంచులు వేయడం, ప్యాంట్లకు జిప్పులు మార్చడం, ఇవే వాడికి వచ్చే పనులు. అంత చెయ్యి పెట్టుకుని జిప్పులు మారుస్తాడని నాకు ఎప్పుడూ బాధే. అందుకే నాస్రా మేడమ్ నోట కుట్టు అనే మాట రాగానే నేను ఎగిరి గంతేసి వాడి పేరు చెప్పాను.

నాది మత్రాలో మేడమ్ వాళ్ళ ఇంట్లో పని. పని అంటే ఇల్లూ వంటా కాదు. మేడమ్ వాళ్ళమ్మ బీబీ రయ్యాను చూసుకోవడమే నా డ్యూటీ. బీబీకి చూపు పోయి చాలా ఏళ్ళయింది. చూపు పోయింది గానీ నోరు మాత్రం బాగా పనిచేస్తుంది. కాఫీలో ఏలకులు తక్కువైతే గోడ అవతలి వాళ్ళకు కూడా తెలిసిపోతుంది. నేనూ తక్కువ తినలేదు, నా నోరు తట్టుకోలేకే మా అత్తగారు వేరు పెట్టింది. బీబీకీ నాకూ అరబ్బీ హిందీ కలిపి కొట్టుకోవడం, సాయంత్రానికి కలిసి ఖర్జూరాలు తినడం మామూలే.

బీబీ పుట్టింది ఆఫ్రికా పక్కన జంజిబార్ దీవిలో. అక్కడ గొడవలు లేచినప్పుడు పిల్లగా పడవెక్కింది. వాళ్ళమ్మ అక్కడే ఉండిపోయింది, అక్కడే పోయింది. సమాధి ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. పడవలో బీబీ వెంట వచ్చింది వాళ్ళమ్మ గౌను ఒక్కటే. టాఫెటా పట్టు. గోవా నుంచి వచ్చిన దర్జీ ఒకాయన అక్కడ కుట్టాడట. వాళ్ళమ్మ బయటికి వెళ్ళేటప్పుడు దాని మీద నల్లటి బుర్ఖా వేసుకునేది. వీధిలో అందరు ఆడవాళ్ళూ నల్లగా ఒక్కలాగే ఉండేవాళ్ళు. మెట్ల మీద కూర్చుని ఎదురుచూసే పిల్లకు ఏది తన తల్లో ఎలా తెలియాలి? చప్పుడు చెప్పేది. నలుపు లోపలి నుంచి పట్టు గరగరమంటూ వచ్చేది. ఆ గరగర వినిపిస్తే బీబీ లేచి పరుగెత్తేది.

ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. వినీ వినీ ఒకసారి విసుక్కున్నాను కూడా. అప్పుడు బీబీ నా మీద అరవలేదు. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"మా అమ్మ ముఖం పోయింది శాంతా. ఎంత తలుచుకున్నా రావడం లేదు. చప్పుడు ఒక్కటే మిగిలింది. అది కూడా పోయేలా ఉంది."

ఆ చలికాలం బీబీ ఆస్పత్రిలో పడి లేచింది. లేచాక పట్టు పట్టింది. ఎవరినీ ముట్టనివ్వని మందూసు, అంటే ఇత్తడి మేకులు కొట్టిన ఆ పాత కర్రపెట్టె, తెరవమంది. అందులో నుంచి అమ్మ గౌను తీసి, ఎవరైనా తొడుక్కుని తన ముందు ఒక్కసారి నడవాలి. చేత్తో నలిపితే వచ్చే చప్పుడు కాదట, నడిస్తే వచ్చేదే కావాలట. తను పోయేలోపు ఒక్కసారి. ఇంకేమీ అడగనంది.

నాస్రా మేడమ్, నేను కలిసి పెట్టె తీశాం. గౌను చూసి ఇద్దరమూ ఉసూరుమన్నాం. చంకల దగ్గర కుట్లు వదిలాయి. వీపు మీద తుప్పు మరకలు. బూజు వాసన. తొడిగితే అక్కడికక్కడే చీలికలయ్యేలా ఉంది. బక్రీదు పండుగకు మనవరాలు బస్మా దుబాయి నుంచి వస్తుంది, ఆ పిల్ల ఒంటికి సరిపోతుంది, ఈలోగా బాగుచేయించాలి అంది మేడమ్. నేను మా తమ్ముడి పేరు చెప్పింది అప్పుడే.

శుక్రవారం మూట తీసుకుని హమ్రియా వెళ్ళాను. రఘుపతి మిషన్ మీది బట్టలన్నీ కింద తోసి, తెల్ల దుప్పటి పరిచి, దాని మీద గౌను విప్పాడు. పండుగ నాడు దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. పడుగు ఊదా రంగు, పేక ఆకుపచ్చ. ఇటు తిప్పితే ఒక రంగు, అటు తిప్పితే ఒక రంగు. నడుము చుట్టూ కుచ్చులు ఎంత సన్నగా ఉన్నాయంటే ఒక్కో కుచ్చును గోటితో విడదీసి చూడాల్సి వచ్చింది. గుండీలకు కూడా అదే గుడ్డ చుట్టారు. కింద అంచు మడిచి కుట్టలేదు, కత్తెరతో చిన్న చిన్న పళ్ళలా కోసి వదిలేశారు. ఎందుకో రఘుపతే చెప్పాడు. మడిస్తే అంచు బరువెక్కి పావడా వేలాడుతుందట, ఇలా వదిలితే గుండ్రంగా నిలబడుతుందట. లోపల కుట్ల పక్కన బోలెడు గుడ్డ వదిలి ఉంది. తొడుక్కునే ఆమె ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి.

"మొత్తం చేతికుట్టే అక్క. ఒక్క కాడ గూడ మిషన్ పెట్టలే," అన్నాడు. "గిది కుట్టినాయన ఎవలో గాని, బతికుంటె పొయ్యి కాళ్ళు మొక్కుదును."

మేము మహదేవ్‌పూర్ సాలోళ్ళం, నేతవాళ్ళం. దసిలి అనే అడవి పట్టు నేసిన ఇల్లు మాది. పట్టులో ఒక బంక ఉంటుంది, అది పోయేదాకా దారం బిరుసుగా ఉంటుంది. మా అమ్మ సోడా వేసిన నీళ్ళలో పట్టుకాయలను ఉడకేసి ఆ బంక తీసేది. కొత్త పట్టుచీర గరగరలాడితే ఊళ్ళో ఆడవాళ్ళంతా మురిసిపోయేవాళ్ళు. మా అమ్మ మాత్రం మూతి తిప్పేది. బంక సరిగా తీయలేదనో, గంజి పెట్టి మోసం చేశారనో తిట్టేది. కొనేటోళ్ళకు చప్పుడు, నేసేటోళ్ళకు మెత్తన అని ఆమె మాట. మంచి పట్టు నీళ్ళలా జారాలి, కట్టుకున్న మనిషి వచ్చిందని పక్క మనిషికి కూడా తెలియకూడదు. మేమిద్దరం ఆ మాట వింటూ పెరిగాం.

పండుగ ముందు రఘుపతి గౌను పట్టుకుని వచ్చాడు. వాడి ముఖం నేను ఎప్పుడూ అంత వెలుగుగా చూడలేదు. వదిలిన కుట్లన్నీ పాత రంధ్రాల్లోనే మళ్ళీ సూది దింపి కుట్టాడు, దర్జీ వదిలిన గుడ్డలో నుంచే దారాలు లాగి. మరకలు లేవు. వాసన లేదు. రంగు ఇప్పుడే అద్దినట్టు ఉంది.

"ముట్టుకో అక్క," అన్నాడు. "లోపట బంక ఉండిపోయింది. పాపం ఇన్నేండ్లు బిర్రబిగుసుకొని ఉన్నది. అమ్మ చేసినట్టె గోరెచ్చటి సోడానీళ్ళల్ల, సబ్బుల పెట్టి మెల్లగ తీసిన."

ముట్టుకున్నాను. మా అమ్మ చీర కొంగులా ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాస్రా మేడమ్ కూడా గౌనును చెంపకు ఆనించుకుని మాషా అల్లా అంది. ఇంట్లో పండుగ సందడి, వాకిట్లో మేకల అరుపులు, పిల్లల గోల. ఉతికితే మరకతో పాటు చప్పుడు కూడా పోతుందని మేడమ్‌కు గానీ నాకు గానీ తట్టలేదు. బంకతోనే చప్పుడని వింటూ పెరిగిన నేను కూడా ఆ మెత్తన చూసి మురిసి మరిచాను.

పండుగ నాడు బీబీ పొద్దున్నే స్నానం చేయించమంది. చెవులు శుభ్రం చేయించుకుంది. గదిలో ఏసీ ఆపించింది, ఫ్యాను ఆపించింది. జూన్ ఎండకు అందరికీ చెమటలు కారిపోతున్నాయి, అయినా ఎవరూ కదల్లేదు. పిల్లల నోళ్ళకు తల్లులు చేతులు అడ్డం పెట్టారు. బీబీ కుర్చీలో ముందుకు వంగి, తల ఒక పక్కకు వాల్చి కూర్చుంది.

తలుపు తీసుకుని బస్మా వచ్చింది. ఎంత బాగుందో చెప్పలేను. కిటికీ వైపు నడుస్తుంటే గౌను ఆకుపచ్చగా, ఇటు తిరిగితే ఊదాగా. పావడా గంటలా ఊగుతుందనుకున్నాం. అది మాత్రం కాళ్ళకు అంటుకుని మెత్తగా జారిపోయింది. బస్మా గది ఆ చివరి దాకా వెళ్ళి తిరిగి వచ్చి బీబీ ముందు ఆగింది. గదిలో ఏ చప్పుడూ లేదు.

బీబీ ఇంకా తల వాల్చే ఉంది.

"పిల్ల ఇంకా తయారవలేదా?" అంది. "రమ్మనండి."

నాస్రా మేడమ్ నా వైపు చూసింది. బస్మాకు ఏం చేయాలో తెలియక మళ్ళీ నడిచింది, ఈసారి గట్టిగా, పావడా రెండు చేతులతో విసురుతూ. బీబీ చిరాగ్గా చెయ్యి ఊపింది.

"ఎవరో అడ్డం నడుస్తున్నారు. పక్కకు జరగమనండి. నాకు వినపడదు."

మేడమ్ ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుని, తొడిగింది ఆ గౌనేనమ్మా, నడిచింది బస్మానే అని చెప్పింది. బీబీ నమ్మలేదు. కోప్పడనూ లేదు. కోప్పడితే బాగుండేది. ఏసీ వేయండి, పిల్లలకు ఉక్కపోస్తోంది అని ఊరుకుంది.

నేను మేడ మీదికి పోయి రఘుపతికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. నీ పనితనం తగలెయ్య, ముసలమ్మ ప్రాణం తీశావు అన్నాను. అన్నీ విని వాడు మెల్లగా అడిగాడు.

"సప్పుడు కోసమా అక్క? సప్పుడు కోసం గూడ పట్టు కట్టుకుంటరా?"

గౌను ఎందుకు బాగుచేయిస్తున్నామో నేను వాడికి చెప్పనే లేదు. వాడి ప్రశ్న అడగాల్సింది మా అమ్మను. ఇంకొకరు కట్టుకునే పట్టు ఎలా ఉండాలో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

వాడు వచ్చి గౌను తీసుకుపోయాడు. పులుపు నీళ్ళు తగిలితే పట్టు మళ్ళీ బిగుస్తుందని లాండ్రీ నడిపే ఇక్బాల్ భాయ్ వాడికి చెప్పాడట. నిమ్మరసం కలిపిన నీళ్ళలో ఒక మూల తడిపి చూశారు. కొంచెం బిరుసెక్కింది. చెవి దగ్గర పెట్టుకుని నలిపితే ఏదో పలికినట్టే అనిపించిందట. మొత్తం తడుపుదామనేలోపు ఆ మూల మడత దగ్గర ఎండుటాకులా పగిలిపోయింది. ఇంకో ఉతుకుకు అది ఆగదు. రఘుపతి ఆ పగిలిన చోటును కూడా కుట్టి, తనే చేతుల మీద పెట్టుకుని మత్రాకు తెచ్చాడు.

ఆ వారమంతా బీబీ కుర్చీ తలుపు వైపు తిప్పించుకుని కూర్చుంది. కాఫీ గురించి ఒక్కసారి కూడా అరవలేదు. ఎవరు నడిచినా తల ఎత్తి వినేది, ఎవరో తెలుసుకుని తల దించేది. అంతకు ముందు ఒక చప్పుడు తలుచుకుని బతికింది. ఇప్పుడు ఎదురుచూస్తోంది. చూస్తుంటే నాకు అన్నం దిగేది కాదు.

రఘుపతి క్షమాపణ అడుగుదామనే వచ్చాడు. హిందీలో ఏమని చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడట. తీరా బీబీ ముందు మోకాళ్ళ మీద కూర్చునేసరికి వాడికి ఒక్క ముక్కా రాలేదు. గౌను ఆమె ఒళ్ళో పెట్టాడు, అంతే.

బీబీ వేళ్ళతో తడిమింది. భుజాలు, నడుము, కుచ్చులు. నేను ఆశగా వంగి చూశాను. వేళ్ళకైనా తెలుస్తుందేమో, ఇది అమ్మదే అంటుందేమో అని. వేళ్ళు చంక దగ్గరి కుట్టు మీద ఆగాయి. అటూ ఇటూ నెమ్మదిగా పాకాయి. బీబీ ముఖంలో చాలా రోజుల తర్వాత మెప్పు కనిపించింది. మంచి పట్టు, ఇంత మెత్తన నేనెప్పుడూ ముట్టలేదు, ఎవరిదో పాపం, జాగ్రత్తగా వాళ్ళకు ఇచ్చేయండి అంది. తర్వాత ఈ కుట్టు ఎవరిదని అడిగింది. మా తమ్ముడిదే, ఇక్కడే మీ కాళ్ళ దగ్గర ఉన్నాడని చెప్పాను.

బీబీ చెయ్యి చాచి వాడి తల మీద పెట్టింది.

"నీ చెయ్యి చాలా మంచిది కొడుకా," అంది. "మా అమ్మ గౌను వెతికిస్తున్నాను. దొరకగానే నీకే పంపుతాను. అది గట్టి పట్టు, బాగా చప్పుడు చేస్తుంది. చూసి కుట్టు."

వాడు తల ఎత్తలేదు. హిందీ మరిచిపోయి మన మాటలోనే జవాబిచ్చాడు.

"అట్లనే బీబీ. నేనే కుడత."