మొక్కుకోడి కింది ఊక

రాములు గూట్లో చెయ్యి పెట్టి ఊకను పిడికిట పట్టి పిండాడు. ముద్ద కట్టింది. రాత్రి వాన మళ్లీ గోడ అడుగు నుంచి లోపలికొచ్చింది. గూడంటే మరెక్కడో కాదు. రాయదుర్గం గుట్ట పక్కన రేకుల ఇల్లు, మధ్యలో ఒక తడిక. ఇటు భార్య చెన్నమ్మ మంచం, అటు పుంజు. పుంజు ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో కాలి అడుగున ఎర్రటి వాపు.

కుంటికోడి మొక్కుకు చెల్లదు. ఆ సంగతి చిన్నపిల్లకైనా తెలుసు. చెన్నమ్మ ఊపిరి నిలిపితే ఆషాఢంలో ఈ పుంజును ఇస్తానని రాములు పోచమ్మకు మొక్కుకున్నాడు. బోనాలు దగ్గర పడ్డాయి.

చెన్నమ్మ కంకర మిషను దగ్గర ఏళ్లకేళ్లు తట్ట మోసింది. గుట్టల్ని పిండి చేసి మేడలు కట్టుకున్నారు. ఆ పిండిలో కొంత ఆమె ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. "దుమ్ము తగలనియ్యొద్దు" అంది దవాఖానలో డాక్టరమ్మ. ఆ రోజే రాములు ఆమె చేత పని మాన్పించాడు. ఇక ఇంట్లో దుమ్మెక్కడిది, అనుకున్నాడు.

"ఊక మార్చకుంటే కాలు కుళ్లుతదయ్యా. నేను ఏస్త తియ్యి," అంది చెన్నమ్మ దగ్గుతూ.

"మంచం దిగితే నా మీద ఒట్టు. పొద్దూకి వచ్చి నేనే ఏస్త. ఇసుకనో ఏదో ఒకటి తెస్త."

"ఇసుక సల్లగుంటది. మూటల ఇంకింత ఊక ఉన్నది గద." నవ్వబోయింది, దగ్గు అడ్డొచ్చింది. "నాకంటె కోడి ఫికరే ఎక్కువాయె నీకు."

"నీ పానం దాని కాలి మీదనే ఉన్నదే, పిచ్చిదానా."

మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న కంప్యూటర్ల ఆఫీసులో రాములు వడ్రంగుల దగ్గర చెక్కలు మోస్తాడు, నేల ఊడుస్తాడు. ఆ రోజు ఒళ్లు అక్కడ, మనసు గూట్లో. బయట ఇసుక కుప్ప తడిసి బురదయింది. లోపల మూలన మాత్రం రంపప్పొట్టు పొడిపొడిగా పోగుపడి ఉంది. బతికాంరా అనుకుని రెండు చేతులా గోనెసంచిలోకి ఎత్తాడు. మెత్తటి ధూళి లేచి ముక్కులో దూరింది. తుమ్మీ తుమ్మీ కళ్ల నీళ్లు కారాయి.

చేతిలో గోనె జారిపోయింది. తను గూట్లో ఊక గుమ్మరించినప్పుడల్లా తడిక అవతల చెన్నమ్మ ఉక్కిరిబిక్కిరయ్యేది. ఇన్నాళ్లూ అది రోగమే అనుకున్నాడు. అయ్యో తల్లీ పోచమ్మా, మొక్కు పేరు చెప్పి నా చేతులతో నేనే ఆమెకు దుమ్ము పోసిన గదా!

వడ్రంగి మేస్త్రీ బుల్లిబాబు గోదావరి వైపు మనిషి. "ఏంటి రాములూ, అలా కూలబడిపోయావు?" అన్నాడు.

"కోడి కిందికి దుమ్ము లేవనిదేమన్న ఉన్నదా మేస్త్రీ?"

"చిత్రిక పట్టినప్పుడు లేచిన చెక్క చుట్టలున్నాయిగా, పట్టుకుపో. ఎవడికి కావాలవి?"

మధ్యాహ్నం రాములు సద్ది మూత తియ్యలేదు. ఇసుక జల్లెడ తెచ్చి ఆ టేకు చుట్టలను జల్లించాడు. ధూళి రాలిపోయాక మళ్లీ జల్లించాడు. ముఖానికి ఆనించి గట్టిగా పీల్చి చూశాడు. తుమ్ము రాలేదు. అప్పుడు మూట కట్టాడు.

దారిలో వాన పట్టుకుంది. చొక్కా విప్పి మూట మీద కప్పి, తను తడుస్తూ నడిచాడు. వాకిట్లో పక్కింటి నీలమ్మ నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గోడకొరిగి కూసున్నది రాములన్నా. జర కన్నంటుకున్నదేమో అనుకున్న. పిలిస్తే పలుకలే."

చెన్నమ్మను మంచం మీద పడుకోబెట్టి ఉంచారు. తడిక పక్కకు జరిపి ఉంది. గూట్లోని తడి ఊకంతా ఎత్తేసి, పొడి ఊక మందంగా పరిచి ఉంది. పుంజు దాని మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడింది.

"ఒట్టు పెట్టిపోతి గదనే," అన్నాడు రాములు. చల్లబడిన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ల సందుల్లో ఊక. "దుమ్ము లేనిది తెచ్చిన. చూడు, ఇంత కూడ లేదు."

మూట గడప మీదే ఉండిపోయింది. ఆమె ఒరిగిన గోడ దగ్గర చేట ఉంది. అందులో చెరగగా మిగిలిన పిడికెడు ఊక, దాని మీద ఆమె వేళ్ల గుర్తులు.