అన్నయ్య పంపిన బ్లేడు

నేను ఒక గడ్డం బ్లేడును. ఇప్పుడు కొట్లలో దొరికే తుప్పు పట్టని జాతి కాదు, అంతకు ముందు తరం ఉక్కును. కాస్త తడి తగిలిందంటే పాడైపోతాను. అందుకే నా ఒంటికి నూనె రాసి, మైనపు కాగితం చుట్టి, నాలాంటివాళ్లతో కలిపి చిన్న అట్టపెట్టెలో సర్దారు. కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపులో నన్ను కొన్నాయన పేరు అచ్యుతరామయ్య. సామర్లకోట స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. మంచి సరుకు చేతికందితే వాడకుండా దాచుకునే మనిషి. అలా దాచిన పెట్టెలో నేను మిగిలిపోయాను. ఆయన వెళ్లిపోయాడు.

ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గవర్రాజు రామచంద్రపురంలో డ్రాయింగు మాస్టారు. చిన్నవాడు భాస్కరం కాకినాడలో కరెంటు ఆఫీసు ఉద్యోగి. దొంగ కనెక్షన్లు పట్టుకోవడం అతని పని. ఏ ఇంటికి వెళ్లినా ముందు గోడల వంక, తర్వాత మనుషుల మొహాల వంక చూసేవాడు. రిటైరయ్యాక గోడలు చూడడం మానేశాడు కానీ మొహాలు చూడడం మానలేదు.

చివరి రోజుల్లో తండ్రి భాస్కరం దగ్గరే ఉన్నాడు. రోజూ పొద్దున్నే భాస్కరమే ఆయనకు గడ్డం గీసేవాడు. కర్మకాండలన్నీ అయ్యాక, ఊరికి బయలుదేరుతూ గవర్రాజు తండ్రి షేవింగు పెట్టెను సంచిలో పెట్టుకున్నాడు. రేజరు, బ్రష్షు, మా బ్లేడు ప్యాకెట్టు అన్నీ అందులోనే ఉన్నాయి.

"నాకో మాట చెప్పొచ్చుగా," అన్నాడు భాస్కరం.

"నాన్న పెట్టె తీసుకోడానికి నీ పర్మిషనేంట్రా?" అన్నాడు గవర్రాజు.

అంతే. ఆ రెండు మాటల మీదే అన్నదమ్ములు రాకపోకలు మానేశారు. అంతకంటే పెద్ద తగాదాలు పడి కూడా మర్నాడు కలిసి టిఫిను తిన్నవాళ్లే. ఈసారి మాత్రం ఎవరూ తగ్గలేదు.

చాలా ఏళ్లకు ఒకరోజు గవర్రాజు కూతురు పద్మజ భాస్కరం ఇంటికి వచ్చింది. పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

"నాన్న నీకిచ్చి రమ్మన్నారు బాబాయ్."

"ఎందుకు?"

"ఏమో. ఇమ్మన్నారు, ఇచ్చేను." కాఫీ సగం తాగి, బస్సు టైమైందంటూ లేచి వెళ్లిపోయింది.

భాస్కరం వీధి చివర వరకూ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. "ఆ పిల్ల నా మొహంలోకి చూళ్లేదు, గమనించేవా?" అన్నాడు భార్య ఛాయతో. "ఇన్నేళ్లూ దాచుకుని ఇప్పుడెందుకు పంపినట్టు?"

ప్యాకెట్టు విప్పాడు. పైనున్న బ్లేడు కాగితానికి అంటుకుపోయి, అంచు పొడుగునా ఎర్రటి తుప్పుతో బయటికొచ్చింది.

"చూసేవా! పాడైపోయేక పంపేడు."

"అయితే పారెయ్యండి. కోసుకున్నారంటే ధనుర్వాతం ఇంజక్షన్లకి తిరగాలి," అంది ఛాయ.

పారెయ్యలేదు. దాని కిందున్న నన్ను విప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. దూది తీసి నా అంచు వెంబడి మెల్లగా లాగాడు, ఎక్కడైనా పోగు పట్టుకుంటుందేమోనని. పట్టుకోలేదు. మరుగుతున్న నీళ్లలో ముంచి తీసి మళ్లీ చూశాడు. ఏ మీటరునూ అతను అంత అనుమానంగా చూసి ఉండడు. అప్పటికిగానీ రేజర్లో బిగించలేదు.

మొదటి గీత చెవి పక్కన, ఊపిరి బిగబట్టి గీశాడు. నేను పట్టలేదు, లాగలేదు. సబ్బు నురగతో పాటు తెల్లటి గడ్డం మెత్తగా వచ్చేసింది. అన్నేళ్లు చీకట్లో పడి ఉన్నా, నూనె ఆరని చోట నా పదును అలాగే ఉంది. అతను చెంప తడుముకుని అద్దం ముందు అలాగే కూర్చుండిపోయాడు.

"బావుందా?" అంది ఛాయ.

"బావుంది. అదే నా అనుమానం. పాడైనవైతే నన్ను ఎగతాళి చెయ్యడానికి పంపేడనుకోవచ్చు. ఇంత బావున్నవాటిని అన్నయ్య ఎందుకు వదులుకుంటాడు?"

మర్నాడు నన్ను శుభ్రంగా తుడిచి, కాగితం చుట్టి, పెట్టెతో సహా సంచిలో పెట్టుకుని రామచంద్రపురం బస్సెక్కాడు. దారంతా సంచిని ఒళ్లోంచి దించలేదు.

గవర్రాజు వరండాలో వాలుకుర్చీలో ఉన్నాడు. చేతులు రెండూ తువ్వాలు కింద ఉన్నాయి. చెంపల మీద గడ్డం ఒకచోట పొడుగ్గా, ఒకచోట పొట్టిగా ఉంది. గడ్డం కింద పాత గాట్లు.

"వచ్చేవేం?" అన్నాడు.

"పెట్టె ఎందుకు పంపేవో కనుక్కుందామని."

పద్మజ మంచినీళ్లు తెచ్చింది. భాస్కరానికి చేతికిచ్చింది. తండ్రికి మాత్రం గ్లాసు నోటి దగ్గర పెట్టి తాగించింది. భాస్కరం చూపు తువ్వాలు మీదికి పోయింది. తువ్వాలు ఆగకుండా కదులుతోంది.

"చేతులు మాట వినట్లేదురా," అన్నాడు గవర్రాజు, తమ్ముడి వంక చూడకుండా.

"ఎప్పట్నించి?"

"బొమ్మలు వెయ్యడం మానేసిన దగ్గర్నించి. నీకు చెప్పొద్దని దీనికి ఒట్టు పెట్టేను."

"మరి గెడ్డానికి ఎవర్నైనా పిలిపించుకోవచ్చుగా?"

"పిలిచేం. నా తల ఊగుతుంటే అతనికి భయమేసింది. మళ్లీ రాలేదు."

భాస్కరం వేడినీళ్లు తెమ్మని పద్మజకు చెప్పి, పెట్టె తెరిచి, నన్ను బయటికి తీశాడు.

"ఆగాగు," అన్నాడు గవర్రాజు. "అది నాన్న కాలంనాటిది. తుప్పుందేమో చూడు."

"నువ్వు పంపిందేగా!"

"పంపితే? మంచిదని చెప్పేనా?"

"నిన్న నేను గీసుకున్నాను. ఇప్పుడు మళ్లీ మరుగునీళ్లలో ముంచుతాను. చాలా?"

గవర్రాజు నా వంక చూశాడు, తమ్ముడి వంక చూశాడు. "ఇన్నేళ్ల కోపం పెట్టుకుని, చేతిలో బ్లేడు పట్టుకున్నావు."

"భయంగా ఉందా?"

"ఉంది," అని తల పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూశాడు.

భాస్కరం ఎడమ అరచేత్తో అన్నగారి తల వెనక పట్టుకున్నాడు. ఊపు తగ్గేదాకా ఆగాడు. తగ్గినప్పుడు ఒక్క గీత గీసి మళ్లీ ఆగాడు. చెంపలు అయ్యాయి. మెడ మీదికి వచ్చాను. చర్మం కింద నరం కొట్టుకోవడం నాకు తెలుస్తోంది.

"అప్పుడెందుకు తీసుకెళ్లేవు పెట్టె?" అని అడిగాడు భాస్కరం.

గవర్రాజు మెడ కదపకుండా, పెదాలతోనే చెప్పాడు. "నాన్నకి రోజూ అన్నీ నువ్వే చేసేవాడివి. నాకేం మిగల్లేదురా. పెట్టయినా ఉంటుందనుకున్నాను."

రేజరు గాలిలో ఆగిపోయింది. చాలాసేపటికి గానీ మళ్లీ కిందికి దిగలేదు. ఆఖరిదాకా ఒక్క గాటు కూడా పడలేదు.

రెండు గడ్డాలతో నా పని అయిపోయింది. మా తరం ఉక్కు అంతకుమించి పదును నిలుపుకోలేదు. పద్మజ నన్ను కాగితంలో చుట్టి, వంకర మేకులూ విరిగిన తాళాలూ ఉన్న డబ్బాలో వేసింది. మూత పెట్టినా వరండాలో మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"మళ్లీ ఎప్పుడొస్తావు?" అన్నాడు గవర్రాజు.

"గెడ్డం పెరిగేక."



"నాకు తొందరగా పెరుగుతుందిరా," అన్నాడు గవర్రాజు.