కొత్త తేనె

పాలు మాడి గిన్నె నల్లబడింది. పొయ్యికి బారెడు దూరంలో కూర్చుని ఆయన పేపరు చదువుకుంటున్నాడు. పక్కగదిలో బట్టలు కుడుతున్న భార్య పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. నోటిదాకా వచ్చిన తిట్టు ఆయన ముఖం చూసి మింగేసింది. మాడు వాసన బాగా వస్తోందా అని ఆయన అడిగాడు. వీధి చివరిదాకా వస్తోందని ఆమె చెప్పింది.

జ్వరంలో పోయిన వాసన, జ్వరం తగ్గినా తిరిగి రాలేదు. నాలుక మీద తీపి, పులుపు, చేదు, మంట తెలుస్తున్నాయి. అంతే. వాసన వస్తుందని డాక్టరు అనలేదు, రాదనీ అనలేదు.

ఇంకొకరైతే కూర చప్పగా ఉందని సరిపెట్టుకునేవారు. ఈయన బతుకంతా ముక్కు మీదే నడిచింది. తీపి విస్కీలు చేసే చిన్న కంపెనీలో ఆయన వాసన చూసి సరే అంటేనే సరుకు సీసాల్లోకి వెళ్లేది. అందరూ ముక్కాయన అనే పిలిచేవారు. జీతం పట్టీ రాసే గుమస్తాకి కూడా అసలు పేరు ఒకపట్టాన గుర్తొచ్చేది కాదు.

తేనె విస్కీ ఆ కంపెనీకి ప్రాణం. ఇన్నాళ్లూ తేనె ఇచ్చినవాడు తేనెటీగల పెట్టెలు అమ్ముకుని మానేశాడు. కొత్తవాడి తేనెతో మొదటి బ్యాచ్ తయారైంది. పాతదానిలాగే ఉందా లేదా అన్నది మర్నాడు ఆయన చెప్పాలి. ముక్కు పోయిందని కంపెనీలో ఎవరికీ తెలియదు.

సెలవు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, సంచిలోంచి చిన్న సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె ముక్కుతో గట్టెక్కాలని ఆయన ఆలోచన. ఆమె అంతవరకు చుక్క ముట్టినది కాదు.

"ఇన్నేళ్ల కాపురం తర్వాత పెళ్లానికి తాగుడు నేర్పుతున్నారు. మా అన్నయ్య వింటే పొంగిపోతాడు" అంది.

"తాగొద్దు. వాసన చూసి, నాలిక తడుపుకో చాలు."

గ్లాసు అడుగున అరచెయ్యి పట్టి వెచ్చబరచమన్నాడు. గ్లాసులో ముక్కు ముంచొద్దు, ఘాటు ముక్కునే కాల్చేస్తుంది, అంచుకి కాస్త పైన ఉంచి నోరు కొద్దిగా తెరవమన్నాడు. రెండు చుక్కలు నీళ్లు వేస్తే మూసుకున్న వాసన విచ్చుకుంటుందని చెప్పాడు. మీగడ కలిపిన విస్కీ ఆఖరున చూడాలి, అది నాలికకి పూత పూస్తుంది, తర్వాత ఏదీ తెలియదు. చెబుతున్నంతసేపూ ఆయన గొంతు మునుపటిలాగే ఉంది.

తేనెది చూసి ఆమె ఖరీదైన దగ్గుమందు అంది. నారింజ తొక్క, దాల్చినచెక్క వేసినది చూసి, చలికోట్లు దాచిన పెట్టె తెరిచినట్టుంది అంది. అది వేడినీళ్లలో కలిపి వానపూట తాగుతారని ఆయన చెబితే, ఆ తాగేవాళ్లకి తుమ్ములు కూడా వచ్చి ఉంటాయంది. మీగడది మాత్రం రెండోసారి గ్లాసు చాపింది. ఇది తాగేది కాదు, గిన్నె నాకేది అని తీర్పు చెప్పింది. ఐస్ ముక్క మీద పోస్తే ఇంకా చిక్కగా అనిపిస్తుందని ఆయన అన్నాడు. ఐస్ తెచ్చుకోవడానికి లేచింది కూడా. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ నవ్వారు.

నోరు కడిగించి, అసలు పని మొదలుపెట్టాడు. ఆమె దారపు కండెల్లోంచి తీసిన ఎర్రదారం ఒక గ్లాసు కాడకి, నీలిదారం ఇంకొకదానికి కట్టాడు. ఎర్రది పాత తేనె, నీలిది కొత్తది అని చెప్పాడు.

ఎర్రదాంట్లో తేనె వెనకాల సన్నగా పొగ ఉండాలి, ఉందా అని అడిగాడు. ఆమె ఆయన ముఖం చూసింది. ఉందంది. నీలిదాంట్లోనో? కొంచెం తక్కువ. చివర్లో గరుకుగా, ఎండుగడ్డి లాంటిదేమైనా? అవును, అదే, ఆ మాటే దొరకలేదు నాకు, అంది. మళ్లీ చూసుకోమన్నాడు. ఆమె కళ్లు మూసుకుని శ్రద్ధగా చూసింది. ఎర్రదే మెత్తగా ఉందని, నీలిది ముక్కుకి గుచ్చుకుంటోందని చెప్పింది.

ఆయన రెండు గ్లాసులూ పక్కకి జరిపాడు.

కంపెనీలో కొత్తగా వాసన నేర్చుకునేవాళ్లకి ఒక్కోసారి రెండు గ్లాసుల్లోనూ ఒకటే పోసి పెట్టడం రివాజు. నోరు చెప్పేది ముక్కు విన్నదేనా అని చూడడానికి. అలవాటు కొద్దీ ముందు అలాగే పోశాడు. అనుమానంతో కాదు. రెండింట్లోనూ ఉన్నది పాతదే. కొత్త శాంపిల్ సీసా మూత ఇంకా తియ్యలేదు.

"సరిగ్గా చెప్పానా?" అంది ఆమె. పరీక్ష రాసి వచ్చిన పిల్లలా చూస్తోంది.

"చెప్పావు."

"అయితే రేపు నేనే వస్తా కంపెనీకి. మీరు వంట చూసుకోండి."

మళ్లీ మాడుతుందన్నాడు. ఆమె నవ్వి, గ్లాసులు తీసుకెళ్లి కడిగేసింది. కొత్త సీసాని ఆయన మూత తియ్యకుండానే సంచిలో పెట్టుకున్నాడు. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆయనకి ఏది కావాలో అది ఆమెకి నిజంగానే వాసన వచ్చింది. దానికి ఎవర్ని ఏమనాలి?

మర్నాడు పొద్దున్నే చిన్న యజమాని గదిలోకి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అతను ఈయన చేతుల మీద పెరిగినవాడు. కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరగా వేశాడు. జ్వరం గురించి, డాక్టరు గురించి అడిగాడు. సంచిలోని సీసా తీసుకుని మూత తీసి వాసన చూశాడు.

"బాగానే ఉంది కదా" అన్నాడు.

"నీ ముక్కు అంత దూరం పోదు, బాబూ. ఇంకెవరినైనా పిలిపించు. అందాకా సీసాల్లో నింపడం ఆపు."

"ఎవరున్నారు బాబాయ్? కొనేవాళ్లు ముందుగదిలో కూర్చున్నారు. వాళ్లొచ్చింది మిమ్మల్ని చూడ్డానికి. ఈ ఒక్కపూట గ్లాసు పట్టుకుని కూర్చోండి. ఏమీ చెప్పక్కర్లేదు."

వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు. గ్లాసు ఎత్తాడు, వెచ్చబరిచాడు, అంచుకి పైన ముక్కు ఉంచాడు. ఏమీ లేదు. నీళ్ల గ్లాసైనా అంతే. గదిలో అందరూ మాట్లాడడం ఆపేశారు. హోటళ్లకి సరఫరా చేసే ఆవిడ, కొత్త తేనె వాడారట కదా, పాతదానిలాగే ఉందా అని అడిగింది.

"నాకు తెలీదమ్మా. నాకిప్పుడు వాసన రావట్లేదు. వాసన చూసింది ఈ అబ్బాయే" అన్నాడు.

అందరూ నవ్వారు. ముక్కాయనకి వాసన రావట్లేదట అని ఒకాయన పక్కవాడి భుజం తట్టాడు. నిజమేనమ్మా అన్నాడు ఆయన మళ్లీ. ఆవిడ ఇంకా నవ్వింది. పెద్దవాళ్లు కుర్రాళ్లని ఇలాగే పైకి తెస్తారంటూ చిన్న యజమానికి చెయ్యి కలిపింది. అతను నేలకేసి చూస్తూ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఎలా తాగితే బాగుంటుందో చెప్పమన్నారు. అది ఆయనకి వచ్చు. తేనెది ఉత్తదే, వెచ్చబరిచి, ఇష్టమైతే రెండు చుక్కల నీళ్లతో. నారింజది వేడినీళ్లలో. మీగడది ఐస్ మీద గానీ కాఫీలో గానీ, నిమ్మరసం మాత్రం దరికి రానివ్వొద్దు, విరిగిపోతుంది. ఆవిడ శ్రద్ధగా తలూపుతోంది.

ఆయన మాట పూర్తికాకముందే కింద సీసాలు నింపే మిషను మొదలైంది. బల్ల మీది గ్లాసులు సన్నగా అదిరాయి. చిన్న యజమాని వైపు చూశాడు. అతను చూపు తిప్పుకున్నాడు.

"మళ్లీ చెప్పండి, మిషను చప్పుడులో వినపడలేదు" అంది ఆవిడ.

ఆయన కొంచెం గొంతు పెంచి మొదటినుంచీ చెప్పాడు.