కొబ్బరినూనె పట్టిన మిషను

పదిహేడో చొక్కాకు నాలుగో కాజా సగంలో ఉండగా మీరాబీ గోడ గడియారం వైపు చూసింది. పన్నెండున్నర.

తెనాలిలో బసవపున్నయ్య టైలరింగ్ షాపు గుమ్మం పక్కన పరిచిన గోనెపట్టా ఆమె చోటు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే కాళ్ళు చాపుకుని, మధ్యవేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని, చొక్కాలకు కాజాలు తీస్తోంది, గుండీలు కుడుతోంది. మిషన్ల మీద మగవాళ్ళు కూర్చుంటారు, కాజాలు ఆడవాళ్ళు తీస్తారు. ఎవరూ చెప్పకుండానే నడిచే పద్ధతి అది.

ఈ రోజుతో ఆ పని ఆఖరు. గుంటూరు నుంచి కాజాలు తీసే మిషను వచ్చింది. దాని అట్టపెట్టెను బసవపున్నయ్య ఆమె కంటపడకుండా కట్టింగ్ బల్ల కిందికి తోశాడు. తోయడం ఆమె చూడనే చూసింది.

ఈ సంగతి ముందే తెలిసి, రెండు వారాల కిందట చీటీ పాడుకుని రేపల్లె వెళ్ళింది. అక్కడ దుర్గాంబ అనే ఆవిడ ఇంట్లో వాళ్ళ అత్తగారి నాటి చేతిమిషను అమ్మకానికి ఉందని విన్నది. తిప్పి చూస్తే చక్రం వీసమెత్తు కదల్లేదు.

"ఏటా దసరాకి పసుపు రాసి, బొట్టుపెట్టి, సందుల్లో గరిటెడు కొబ్బరినూనె పోసేదాన్నమ్మా. ఏ లోటూ చెయ్యలేదు. అయినా బిగుసుకుపోయింది," అని దుర్గాంబ నొచ్చుకుంది.

మీరాబీ వంగి వాసన చూసింది. ముక్కిపోయిన నూనె. ఇన్నేళ్ళ పూజంతా లోపల బంకై గడ్డకట్టింది. పసుపు కింద మిషను మెడమీద బంగారు పూలు మాత్రం చెక్కుచెదరలేదు. కొనేసింది. బళ్ళు తెరిచేలోగా అది తిరిగితే, అంగలకుదురులో ఇంట్లోనే యూనిఫారాలు కుట్టుకుని బతకొచ్చు. తిరగకపోతే పాత ఇనుము.

ఇన్నాళ్ళూ మగవాళ్ళు మధ్యాహ్నం అన్నాలకు వెళ్ళగానే ఆమె గబగబా నాలుగు ముద్దలు తిని, బసవపున్నయ్య మిషను మీద కూర్చుని పనికిరాని గుడ్డముక్కలు కుట్టేది. కుట్టినవి బుట్టలో అడుగుకు తోసేసేది. పదిరోజులుగా ఆ అరగంటా మార్కెట్టు వెనక, నన్నే సాహెబ్ అనే మెకానిక్ రిపేరు కొట్టులో గడుస్తోంది.

"బలం పెడితే లోపల పళ్ళు ఊడతాయి తల్లీ. ఎండలో పెట్టి, ఈకతో కిరసనాయిలు తాగిస్తూ ఉండు. వచ్చినంతే తిప్పు," అన్నాడాయన మొదటిరోజే. చక్రం గోరంత, మర్నాడు వేలంత కదిలింది. నిన్న ముప్పాతిక దాకా వచ్చి మొరాయించింది. ఈ రోజూ రాకపోతే విప్పి విడిభాగాలుగా అమ్ముకోవడమేనన్నాడు.

మగవాళ్ళు అన్నాలకు వెళ్ళగానే ఆమె సాహెబ్ కొట్టుకు వచ్చి, చక్రం మీద అరచెయ్యి ఆనించింది. నెట్టలేదు. పసిపిల్లను ఊపినట్టు ముందుకీ వెనక్కీ ఊపింది. ముదురుపాకం లాంటి బంక సూది కడ్డీ వెంట జారింది. చక్రం పూర్తిగా తిరిగింది, మళ్ళీ తిరిగింది.

నన్నే సాహెబ్ మిషను ఆయిలు వేసి, సూది బిగించి, దారం ఎక్కించి, తన భుజం మీద తువ్వాలు తీసి సూది కిందికి తోశాడు. ఆమె చక్రం తిప్పింది. మొదటి నాలుగైదు కుట్లు ఎగిరిపోయాయి. తర్వాతివి గీత గీసినట్టు పడ్డాయి.

"కొబ్బరినూనె నీ తలకు రాసుకో. దీనికి మాత్రం చూపించకు," అన్నాడు సాహెబ్.

తిరిగొచ్చి మిగిలిన చొక్కాలన్నీ పూర్తిచేసింది. ఆఖరి కాజా మొదటిదానిలాగే ఉంది. సాయంత్రం మిగతావాళ్ళు వెళ్ళాక, తాను కొన్న పాత మిషను తిరిగిందని బసవపున్నయ్యకు చెప్పింది. ఆయన గుడ్డ మీద సుద్దగీత ఆపలేదు.

"కుట్టడం ఎవరు నేర్పారని అడిగితే నా పేరు చెప్పు చెల్లెమ్మా."

"నువ్వెప్పుడు నేర్పావన్నా?"

"అన్నానికి పోతూ రోజూ దారం ఎక్కించి పోయేవాణ్ణి. ఏ టైలరైనా అలా పోతాడా? బుట్టలో నీ ముక్కలు తీసి చూసేవాణ్ణి. మొదట్లో వంకర. తర్వాత నాకంటే నయం." సుద్ద ఆగింది. "అందరి ముందూ వచ్చి కూర్చోమని మాత్రం అనలేకపోయాను."

ఆమె పరవాలేదన్నట్టు తలాడించి, గోనెపట్టా చుట్టి గోడకు ఆనించింది. పాతచీరలో చుట్టిన మిషనును సాహెబ్ కొట్టు నుంచి తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని అంగలకుదురు ఆటో ఎక్కింది.

షాపులో, చుట్టిన గోనెపట్టా పక్కన గూట్లో, ఆమె తీసిపెట్టిన ఇత్తడి వేలితొడుగు ఉంది. దాని కొస సూదిపోట్లకు అరిగి అరిగి, ఒకచోట పిసరంత చిల్లుపడి, దీపం వెలుతురు కనిపిస్తోంది.